అమ్మ బాల్కనీకి ఒక కుండ

నొండాస్ పథకం నోటీసు బోర్డు మీదే ఉంది, అందరి కళ్ళ ముందే. రాసిందీ అతనే.

"ఈస్టర్ ముందు శనివారం. ఉదయం తొమ్మిదికి బ్యాండు ఊరేగింపు. పదకొండుకు కుండలు. సాయంత్రం పిల్లల పాటలు. గమనిక: బ్యాండు తిరిగినంతసేపూ ప్రదర్శన గది మూసి ఉంటుంది."

ఆ గమనికను ఎవరూ పట్టించుకోలేదు. గ్రీసులోని కెర్కీరా దీవి పాతపేటలో బ్యాండు వస్తోందంటే మంచాన పడ్డవాళ్ళు కూడా కిటికీ దగ్గరికి చేరతారు. ప్రదర్శనతో ఎవరికి పని? నొండాస్ ఆ పేట సంఘానికి పదిహేనేళ్ళుగా జీతం లేని కార్యదర్శి. గది తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది.

గదిలో ఉన్నది రెండు చెవుల కుండ. రెండు వేల ఏళ్ళనాటిదట. ఎవరి తాత వలలోనో పడి సంఘానికి దక్కింది. ఏడాదికి ఈ ఒక్క వారమే దాన్ని బయటపెడతారు. సంఘం అధ్యక్షుడు లవ్రెంతిస్ దాని చుట్టూ నాలుగడుగుల దూరంలో తాడు కట్టించి, "ఊపిరి కూడా అవతలే పీల్చుకోండి" అని వచ్చినవాళ్ళందరినీ కసురుతుంటాడు. అంత జాగ్రత్త మనిషి కళ్ళు కప్పడం నొండాస్‌కు భలే సరదాగా ఉంది.

సరదా ఒక్కటే కాదులెండి. నలభై రెండేళ్ళొచ్చినా అతను ఇంకొకడి పడవలో టూరిస్టులను తిప్పుతూ, ఆ ఇంకొకడి చేత రోజూ తిట్లు తింటున్నాడు. ఏథెన్స్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యాహ్నం పన్నెండింటి ఓడ దగ్గర కుండ కోసం కాచుకుని ఉంటాడు. ఆ కుండ అతని చేతిలో పెడితే నొండాస్‌కు సొంత పడవ వచ్చేస్తుంది.

నకలు కుండ కూడా సిద్ధంగా ఉంది. "మా అమ్మ బాల్కనీకి" అని ఫోటో చూపిస్తే, కుమ్మరి ఫోతిస్ కొలతలైనా అడగకుండా రెండ్రోజుల్లో అచ్చుగుద్దినట్టు చేసిచ్చాడు. పనితనమంటే అదీ, అనుకున్నాడు నొండాస్. కుండ మూతి లోపల వేలితో చిన్న చేప బొమ్మ గీయడం ఫోతిస్ అలవాటు. దీంట్లో రెండు చేపలు గీశాడు. హుషారుగా ఉన్నాడేమో. అయినా తాడు దాటి మూతిలోకి తొంగిచూసేదెవరు?

శనివారం బ్యాండు మోగింది. గదిలో కుండలు మారాయి. ప్రదర్శనలోని కుండకు పాత దుప్పటి చుట్టి, మెడకు ఎర్ర రిబ్బను కట్టి, భుజాన పెట్టుకుని నొండాస్ దర్జాగా వీధిలోకి వచ్చాడు. ఆ పూట పేటలో ఎవరి చేతిలో చూసినా ఎర్ర రిబ్బను కుండే. పదకొండింటికి చర్చి గంటలు కొట్టగానే ప్రతి బాల్కనీ నుంచీ కుండలు నీళ్ళతో సహా వీధిలో పడి బద్దలవ్వాలి. ఇంటి పీడ దాంతో వదిలినట్టు.

మలుపు తిరగ్గానే లవ్రెంతిస్ ఎదురయ్యాడు.

"ఏమోయ్ కార్యదర్శీ, ఇంత కుండే! మీ అమ్మ ఎత్తగలదా?"

"ఆవిడ మోజు. ఏం చేస్తాం లవ్రెంతిస్ గారూ!"

"అదృష్టవంతుడివి. మా అమ్మ పోయి పదేళ్ళైంది. అప్పట్నుంచీ మా ఇంట్లో కుండ విసిరే దిక్కే లేదు," అని నిట్టూర్చి అధ్యక్షుడు బ్యాండు వైపు నడిచాడు.

ఇంట్లో తల్లి రుబీని వంటగదిలో ఈస్టర్ గుడ్లకు ఎర్ర రంగు వేస్తోంది. నొండాస్ పిల్లిలా లోపలికి వెళ్ళి కుండను తన మంచం కిందికి తోసి, చౌరస్తాకు పరుగెత్తాడు. అక్కడ మైకు పట్టుకోవాల్సింది కార్యదర్శే. అతను కనబడకపోతే పదిమందీ వెతుకుతారు.

పదకొండు కావడానికి ఒక్క నిమిషం ఉంది. మైకు ముందు నిలబడి అతను నాలుగో అంతస్తులోని తమ బాల్కనీ వైపు చూశాడు. రుబీని నిలబడి ఉంది. ఏటా ఆమె విసిరే చిట్టి కూజా చేతుల్లో లేదు. రెండు చెవుల కుండ ఉంది, నిండా నీళ్ళతో.

"ఒరేయ్ నొండాస్!" ఆమె పైనుంచి కేకేసింది. "నా దగ్గరే దాస్తావురా దొంగా! చెప్పులకోసం వంగితే దొరికింది. పెద్ద కుండ తెమ్మని ఎన్నేళ్ళు పోరానురా! ఇన్నాళ్ళకి అమ్మ గుర్తొచ్చిందా నాయనా!"

"అమ్మా, వద్దు! కింద పెట్టు! అమ్మా!"

ఆ అరుపు మైకులో పేటంతా మోగింది. జనం విరగబడి నవ్వారు. "వెయ్యి రుబీనమ్మా, వెయ్యి!" అంటూ చప్పట్లు కొట్టారు.

గంటలు కొట్టాయి. నొండాస్ పడవ నాలుగు అంతస్తుల మీదినుంచి వచ్చి రాళ్ళ మీద పెంకులు పెంకులైంది.

జనం అదృష్టం కోసం తలో పెంకూ ఏరుకుంటున్నారు. వాళ్ళ మధ్య నొండాస్ మోకాళ్ళ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఒక చెయ్యి అతని భుజం తట్టింది. ఫోతిస్.

"మట్టి కుండ కోసం ఏడుస్తారటరా? ఇంకోటి చేసిస్తాలే," అంటూ ఫోతిస్ ఒక మూతి పెంకు తీసి తిరగేశాడు. లోపల ఒకే ఒక్క చేప ఉంది.

నొండాస్ ఏడుపు ఆగిపోయింది. "నాకిచ్చిన దాంట్లో రెండు కదా?"

"అవును, నీది రెండోది. ఒకే రకం ఎన్నోది చేస్తే అన్ని చేపలు గీస్తాను. ఇది మొదటిది. నీ ఇంటికెలా వచ్చిందిరా?"

"మొదటిది ఎవరికిచ్చావ్?"

"పోయినేడు మీ లవ్రెంతిస్ గారు చేయించుకున్నారు," అన్నాడు ఫోతిస్. "వాళ్ళ అమ్మ బాల్కనీకట."