మూలనున్న తెల్ల గొడుగు

“రాళ్లేయడానికి వెళ్లినవాడికి రాయే తగిలింది. ఇందులో జాలిపడేదేముంది?” అన్నాడు సాంబమూర్తి, కెమెరాకు ఫ్లాష్ బిగిస్తూ.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనది ఫోటో స్టూడియో. ఎదురుగా స్టూలు మీద అభిలాష్. ఎడమ కంటి కింద నుంచి పెదవి దాకా పచ్చి కుట్లు. పక్కన తల్లి అరుణమ్మ.

“గా కుట్లు కనవడకుంట తియ్యి సారూ. ముందటి సంబంధం గీ మొఖం జూసే తప్పిపోయింది. ఇదన్న కుదరాలె.”

ఒక ఫోటో తీశాడు. ఫ్లాష్ సూటిగా పడి, మందు రాసిన కుట్లు తళతళ మెరిశాయి. అరుణమ్మ ముఖం తిప్పుకుంది.

వెలుగును మెత్తబరిచే తెల్ల గొడుగు మూలనే ఉంది. పెద్దింటి పెళ్లిళ్లకు వాడేది. ఇలాంటివాళ్లకు అదెందుకు? పొద్దున ఇడ్లీలు తెచ్చిన తెల్ల క్యారీబ్యాగును చెత్తబుట్టలోంచి తీశాడు. మడతలు పెట్టి, ఫ్లాష్ మీద రబ్బరు బ్యాండుతో బిగించాడు. థర్మోకోల్ ప్లేటొకటి అరుణమ్మ చేతిలో పెట్టాడు.

“వాడి చెంప దగ్గర పట్టుకో. నీడ తగ్గుతుంది. మీకిది చాలు.”

అభిలాష్ ఏదో అనబోయాడు.

“నువ్వు ఊకోరా. కుట్లు పిగులుతయ్,” అంది తల్లి.

“ఉండేది ఎల్బీనగర్‌లో. తెలంగాణ బంద్ రోజు ఇక్కడికెందుకు తగలడ్డాడు? మీ చౌరస్తా చాల్లేదా?”

“యాడికి పొమ్మంటె ఆడికి పోవాలె గద సారూ.”

“పొమ్మన్నవాళ్ల ఒంటి మీద ఒక్క గీతైనా పడిందా?” సాంబమూర్తి నవ్వాడు. “ఆ రోజు ఈ వరుసలో అన్ని షాపుల అద్దాలూ పగలగొట్టారు మీవాళ్లు. నేనూ తాళం వేసి ఇంటికి పారిపోయాను. అయినా నా అద్దం ఒక్కటే మిగిలింది. దేవుడున్నాడు.”

అభిలాష్ వీధివైపు అద్దాన్ని చూశాడు.

“ఎరుకే సార్,” అన్నాడు, పెదవి కదపకుండా.

“నీకెలా ఎరుక? గురి తప్పిందా?”

అభిలాష్ అద్దం మీంచి చూపు తిప్పి, చెంప మీది కుట్లను వేలితో తాకాడు.

ఫ్లాష్ వెలిగింది. ఈసారి వెలుగు పాలలా పరుచుకుంది. కుట్లున్నచోట సన్నని గీత మాత్రం మిగిలింది. కెమెరా వెనక బొమ్మ చూసి అరుణమ్మ ఊపిరి పీల్చుకుంది.

“మంచిగొచ్చింది సారూ. ఇగ అసలుది తియ్యి. పిల్ల తరపోళ్లు గట్లనే పంపమన్నరు,” అంటూ సంచిలోంచి, ఇస్త్రీ మడత నలగకుండా తెచ్చిన కానిస్టేబుల్ చొక్కా తీసింది.