గుర్తుల గడ్డిపోచలు

వాగొడ్డున ఒక గిజిగాడు తుమ్మ మీద, ఈత మీద, తాడి మీద ఒకేసారి మూడు గూళ్లు మొదలుపెట్టాడు. ఏ గూడు ఎంతవరకు వచ్చిందో ఎక్కడ వాలినా తెలియాలని, ఒక వరుస అల్లగానే మూడు చెట్లకూ తిరిగి ఆ గూటి గుర్తుగా ఒక్కో గడ్డిపోచ ముడివేసేవాడు. పొద్దంతా ఆ తిరుగుడే సరిపోయేది.

గూడు నచ్చితేనే జతకట్టే ఆడపిట్ట ఒకటి చూడటానికి వచ్చింది. మూడు గూళ్లూ సగంలోనే ఉన్నాయి.

"తుమ్మ మీద పన్నెండు వరుసలు, ఈత మీద తొమ్మిది, తాడి మీద ఏడు. ఏ చెట్టు దగ్గర చూసినా ఇదే లెక్క," అన్నాడు గిజిగాడు గర్వంగా.

"లెక్క బాగుంది," అంది ఆడపిట్ట మెల్లగా. "వాన వచ్చేలా ఉంది. నా గుడ్లు ఎక్కడ పెట్టమంటావు?"

గిజిగాడు తల దించుకున్నాడు. తర్వాత చెట్టుచెట్టుకూ ఎగిరి గుర్తుల పోచలన్నీ విప్పుకొచ్చాడు. ఆమె ఒక్కొక్కటే అందిస్తుంటే తుమ్మ మీద గూడు అల్లాడు. చివరి పోచతో గూడు పూర్తయ్యేసరికి తొలి చినుకు పడింది.

ఆడపిట్ట లోపలికి వెళ్లి సర్దుకుని కూర్చుంది.

"ఎన్ని వరుసలయ్యాయి?" అని అడిగింది.

"చూసుకోలేదు," అన్నాడు గిజిగాడు.