పద్దెనిమిది తడి దుప్పట్లు

కొత్తగా చేరిన ఊడ్చే తాత ప్రతి గది గుమ్మం దగ్గరా ఆగి, కళ్లు మూసుకుని, పెదవులు కదిపేవాడు.

ఆయాకి నవ్వొచ్చేది. మతిస్థిమితం లేని ఆడవాళ్లుండే ఆ ఆశ్రమంలో వినే నాథుడెవడని? జపం తాత అని పేరు పెట్టేసింది.

అతను వచ్చిన రోజే ఏడో మంచం మూగామె అతన్ని చూసి మంచం కిందికి దూరింది. కొత్త మొహాలంటే బెదురులే అనుకుంది ఆయా.

అక్కడొక పద్ధతి ఉంది. పక్క తడిపినవాళ్ల దుప్పటి పొద్దున్నే పెరట్లో తీగమీద ఆరేయాలి. అంచున మంచం నంబరు కుట్టి ఉంటుంది. సూపర్‌వైజర్ టీ తాగి, తీగ చూసి, ఆ నంబరుకి ఐదు బెల్టు దెబ్బలు వేసేవాడు.

ఆరేసేది ఆయానే. ఆరేసి, వంటింట్లోకెళ్లి చెవులు మూసుకునేది. పిల్లలున్నదాన్ని, నాకెందుకొచ్చిన గొడవ అని సర్దిచెప్పుకునేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది, అంతసేపు దేవుణ్ణి ఏం కోరుకుంటావని.

"ధైర్యం అమ్మా. నా దగ్గర బొత్తిగా లేదు. గుమ్మానికింత చొప్పున అడిగి పోగేసుకుంటున్నా."

మర్నాడు పొద్దున తీగమీద పద్దెనిమిది దుప్పట్లూ నీళ్లోడుతున్నాయి. ఉన్న మంచాలే పద్దెనిమిది.

ఎవరి పని ఇదని సూపర్‌వైజర్ గుడ్లురిమాడు.

తాత చీపురు గోడకి ఆనించి ముందుకొచ్చాడు. పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

"నేనే బాబూ. ఆ దెబ్బలేవో నాకెయ్యండి."

"దుప్పటికి ఐదు. ఎన్నవుతాయో తెలుసా?"

"తొంభై. నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

తొంభై దాకా పోలేదు. నలభై దగ్గరే కుప్పకూలాడు.

మూడు రోజులు మూలుగుతూ పడున్నాడు. ఏడో మంచం మూగామె వచ్చి అతని వీపుకి నూనె రాసేది. నాలుగో రోజు పోయాడు.

మెట్లమీంచి జారిపడ్డాడని రాశారు. కింద సాక్షి సంతకం ఆయాది. ఆ చేత్తో ఆ పూట ఆమె అన్నం తినలేకపోయింది.

మర్నాడు తడిసింది ఒక్క దుప్పటే, ఏడో నంబరుది.

ఆయా దాన్ని తీగమీద వేయలేదు. కొట్టుగది గుమ్మం దగ్గర ఆగింది. కళ్లు మూసుకుంది. ఏం అడగాలో తెలియలేదు గానీ పెదవులు వాటంతటవే కదిలాయి.

లోపలికెళ్లి, పెద్ద బకెట్ మీద మూతగా పెట్టిన పాత ఫోటో తీసేసి, బకెట్‌ని కొళాయి కింద పెట్టింది. మిగతా పదిహేడు దుప్పట్లకీ సరిపడా నీళ్లు నిండుతుంటే ఫోటోమీది బూజు కొంగుతో తుడిచింది.

ఆశ్రమం తెరిచిననాటి ఫోటో అది. నడిమి కుర్చీలో, కుడిచేతికి బెల్టు చుట్టుకుని కూర్చున్న మొదటి సూపర్‌వైజర్, వయసులో ఉన్న జపం తాతే.