వెంకటపతి చేసిన విచారణ

“ఈ సంబంధం వద్దు. ఆ పిల్లోడికి పెరంబూరులో ఇంకో ఆడమనిషి ఉండాది,” అన్నాడు వెంకటపతి.

తండ్రి లేని మేనకోడలు శ్రీప్రియ నమ్మలేనట్టు చూసింది. నిశ్చితార్థం అయిపోయింది, ముహూర్తం కూడా పెట్టేశారు. పెళ్లికి ముందు అబ్బాయి సంగతి గుట్టుగా విచారించడం ఆ ఇంటి ఆనవాయితీ, ఆ పని మేనమామది. వెంకటపతికి అంతకంటే కావలసిందేముంది? తెలుగు గూఢచారి నవలలు తప్ప మరొకటి చదవని మనిషాయె. నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకాలే లేకపోతే పురసవాక్కం బట్టల కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని కూర్చుని ఆయనకు ఎప్పుడో పిచ్చెక్కేది.

టోపీ పెట్టుకుని మరీ పెళ్లికొడుకు దీపక్ వెనకాల తిరిగాడు. అంతకు ముందురోజు, ఆఫీసులో ఉన్నానని శ్రీప్రియకు ఫోన్లో చెబుతూనే ఆ అబ్బాయి పెరంబూరులో ఒక ఇంట్లోకి వెళ్లాడు. వయసులో ఉన్న పిల్ల తలుపు తీసి, వెంటనే మూసింది. ఇంకేం కావాలి?

“ఆమెనే పోయి అడుగుదాం మామా,” అంది శ్రీప్రియ.

“అడిగితే చెప్తారా? నేనెన్ని చదివుంటాను. మంచోడి మాదిరి కనపడేవోడే ద్రోహి.”

“నీ పుస్తకాల్లో అంతే. వాటిల్లో ఊరికే ఒకరింటికి పోయేవోళ్లే ఉండరు.”

ఆయన వినలేదు. అప్పటికప్పుడు దీపక్ తండ్రికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. వాళ్లూ రోషం గల మనుషులే. సాయంత్రానికల్లా వీళ్లు పెట్టిన ఉంగరం తిరిగొచ్చింది. శ్రీప్రియ గదిలోకెళ్లి తలుపేసుకుంది, అన్నానికి కూడా రాలేదు.

మర్నాడు, రుజువు తెచ్చి శ్రీప్రియ ముందు పడేద్దామని, వెంకటపతి పెరంబూరు వెళ్లి ఆ తలుపు తట్టాడు. తీసింది ఆ వయసు పిల్లే. లోపల కుర్చీలో ఆమె తల్లి కమలాంబ, రిటైరైన తెలుగు టీచరు. తానెవరో చెప్పకుండా దీపక్ గురించి అడిగాడు.

“నిన్నట్నించి రాలేదు,” అంది కమలాంబ దిగులుగా. “బడిలో అంతా తమిళమే గదా, తెలుగు అక్షరం ఒకటీ రాదు ఆ అబ్బాయికి. తెలిస్తే నవ్వుతారని గుట్టుగా వచ్చి నేర్చుకుంటా ఉండె. ఇప్పుడిప్పుడే ఒత్తులు కుదురుతా ఉండాయి.”

“ఈ వయసులో ఎందుకంట?” అడిగాడు వెంకటపతి.

“పెండ్లికూతురికి మామ ఒకాయన ఉండాడంట. ఆయన చదివే గూఢచారి పుస్తకాల గురించి మాట్లాడేదానికి ఇంట్లో ఎవురూ లేరంట. పెండ్లి లోపల ఒక్కటన్నా చదివి, ఆయన పక్కన కూర్చోవాలని ఆ పిల్లోడికి ఆశ.”