పెద్దంతరం

చెల్లెలికి పెద్దంతరం చిన్నంతరం తెలియదు. పొద్దున షాపు షట్టరు ఎత్తేటప్పుడు ఒకసారి, కస్టమర్లు వినేలా మరోసారి ఈ మాట అనకపోతే అక్కకి అన్నం అరగదు.

చెల్లెలూ తక్కువేం తినలేదు. మిషను తొక్కుతూ, తలెత్తకుండా, "అవునే, చాలా పెద్దదానివి. కర్ర కొనిపెట్టమంటావా?" అనేది.

ఇద్దరూ కవలలు. ఇద్దరి మధ్యా తేడా, గట్టిగా లెక్కేస్తే, ఒక కప్పు టీ చల్లారేంత. అచ్చు గుద్దినట్టుంటారు. ఎవరూ పొరబడకూడదని అక్క కళ్ళజోడుకి గొలుసు తగిలించి మెళ్ళో వేసుకుంది. చూపు బాగానే ఉంది. జోడు హోదాకి.

చిన్నప్పుడు కిటికీ పక్క సీటు అక్కది. కొత్త సైకిలు అక్కది. కొత్త గౌను ముందు అక్క తొడుక్కుని, మోజు తీరాక చెల్లెలికి ఇచ్చేది. ఇద్దరిదీ ఒకే సైజు కదా, రెండు కొంటే పోలేదా అని ఎవరికీ తోచలేదు. పెద్దది మరి.

షాపు అమ్మది. బడిపిల్లల యూనిఫారాలు కుడతారు. అమ్మ గుడ్డ కత్తిరిస్తుంది. అక్క కొలతలు తీసుకుని సుద్దతో గీస్తుంది. మిషను మీద కుట్టేది చెల్లెలు. గుండీలు, కాజాలు కూడా చెల్లెలికే. షాపులో పెద్ద కత్తెర ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే షాపు వాళ్ళది.

ఇప్పుడు అమ్మకి చూపు ఆనడం లేదు. శనివారంతో కత్తెర దింపేస్తానంది. ఎవరికిస్తుందో మాత్రం చెప్పలేదు. అప్పట్నుంచి అక్కచెల్లెళ్ళు సూదులు మినహా అన్నీ విసురుకుంటున్నారు.

శనివారం రానే వచ్చింది. గొడవ స్కర్టులతో మొదలైంది. బడి నుంచి ఫోన్ చేసిన హెడ్‌మిస్ట్రెస్‌తో చెల్లెలు "అన్నీ సేమ్ మేడమ్" అంది. ఫోన్ పెట్టీ పెట్టకముందే అక్క అందుకుంది. ఇద్దరూ ఇంగ్లీషు ఎమ్మేలే, ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్ళే. కానీ ఆ చదువు తనకొక్కదానికే వంటబట్టిందని అక్క నమ్మకం. సేమ్ అంటే అచ్చంగా అదే వస్తువు, ఒక్క స్కర్టులో బడి మొత్తాన్ని దూరుస్తావా, ఐడెంటికల్ అనాలి అంది. సైజులు వేరైనవి ఐడెంటికల్ ఎలా అవుతాయి, సిమిలర్ అనాలి, నీ ఎమ్మే ఉతుకుల్లో వెలిసినట్టుంది అంది చెల్లెలు.

స్కర్టులు బల్ల మీదే ఉన్నాయి. మాట మాత్రం కత్తెర మీదికి వెళ్ళింది.

"ముఖాలొకటే, చదువొకటే. మనిద్దరం ఈక్వలే కదే. కత్తెర నీకే ఎందుకు రావాలి?"

"ఐడెంటికల్ అంటే చూడ్డానికి. ఈక్వల్ అంటే విలువకి," అంది అక్క. "అద్దంలో బొమ్మ కూడా నాకు ఐడెంటికలే. దానికి షాపు రాసిస్తామా?"

చెల్లెలు మిషను ఆపేసింది. పోనీ ఈక్వివలెంట్ అయినా కాదా, ఒకరి చోట ఒకరు సరిపోతే ఆ మాటే కదా అంటారు అని అడిగింది. నువ్వు కామెర్లతో మంచం పట్టినప్పుడు నీ గీతలన్నీ నేనే గీశాను, ఎవరూ కనిపెట్టలేదు, పైగా ఈసారి కాలర్లు బాగా కూర్చున్నాయన్నారు అని గుర్తుచేసింది.

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్చీ విరిగితే స్టూలు వేసుకుంటాం, అంతమాత్రాన స్టూలుకి వీపు మొలవదు అంది.

చెల్లెలు గొంతు తగ్గించి అంది.

"ఇంగ్లీషువాడికి సిస్టర్ అంటే సరిపోయింది. మనకి అక్కయినా కావాలి, చెల్లెలైనా కావాలి. మధ్యలో చోటు లేదు. కాస్త ఆలస్యంగా బయటపడినందుకు జన్మంతా కాజాలు కుట్టాను. నా చేత్తో గుడ్డ కత్తిరించాలని ఉందే. అది కూడా నీకు అడ్డమేనా?"

అడ్డమే. కత్తెర అటు పోతే రేపట్నుంచి కాజాలు ఎవరికి వస్తాయో అక్కకి తెలుసు.

అమ్మ బల్ల దగ్గర కత్తెర ఒళ్ళో పెట్టుకుని, తుడిచినచోటే తుడుస్తోంది. వంతులు వేసుకోండే, నెల నువ్వు, నెల అది అంది. ఆ మాట ఇద్దరికీ నచ్చలేదు. ఆ రోజుకి వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం అదొక్కటే.

వంతులు ఈక్వల్ వాళ్ళకి, నేను పెద్దదాన్ని అంది అక్క. ముందు పుట్టినదానికే కత్తెర, ఆ సంగతి నువ్వే నీ నోటితో దీనికి చెప్పు అని అమ్మ ముందు నిలబడింది. ఇప్పుడు ఆ పురాణం దేనికే అని అమ్మ దాటెయ్యబోయింది. అక్క వదల్లేదు.

"ఇవాళ తేలిపోవాలమ్మా. నువ్వు చెబితే ఇది జన్మలో మళ్ళీ నోరెత్తదు."

చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. చెప్పమను, ఎత్తను అంది.

అమ్మ కత్తెర బల్ల మీద పెట్టింది. తలెత్తి, అక్క వైపు తిరిగింది.

"తప్పు నాదేనే, ముందు పుట్టింది అదే, మాటలొచ్చీరాని వయసులో నువ్వు దేనికో గుక్కపట్టి ఏడుస్తుంటే 'అక్కవి కదా, ఏడవకూడదు' అని నోటికొచ్చిన అబద్ధం ఆడాను, ఠక్కున ఊరుకున్నావు, నిజం చెబితే మళ్ళీ ఏడుస్తావేమోనని ఇన్నేళ్ళూ చెప్పలేదు."