పొయ్యి మీద పాలు

తొంభై తొమ్మిది ఎలక్షన్లు. ఆత్మకూరు బస్టాండు ఎదుట రాహేలమ్మ టీకొట్టుకు కుడిపక్క గంట గుర్తు జీపు వచ్చి ఆగింది. ఎడమపక్క గొడుగు గుర్తు జీపు ఆగింది. రెండింటి నెత్తినా మైకులు. నడుమ రాహేలమ్మ, ఆమె కిరసనాయిలు పొయ్యి, దాని మీద పాలు.

రాహేలమ్మ రెండు జీపులకేసీ మార్చి మార్చి చూసింది. పోయిన ఎలక్షన్లప్పుడూ ఇలాగే రెండు జీపులు ఎదురుపడ్డాయి. గెలిచినాయన హైదరాబాదు చేరాడు. ఓడినాయన ఇల్లు చేరాడు. ఆమె కొట్టు మురిక్కాలవలోకి చేరింది. ఈసారి కూడా కూలితే మళ్లీ లేపే ఓపిక ఆమెకు లేదు.

అప్పట్లో జీపులో కూర్చుని అరవడానికి ఒక మనిషి ఉండేవాడు. వాడికి దాహమేసేది. టీకి దిగేవాడు. ఆ కాసేపు ఊరు ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు వాడి చోట టేపురికార్డరు కూర్చుంది. దానికి ఆకలి లేదు, దాహం లేదు, సిగ్గు అసలే లేదు.

"అక్కలారా, అన్నలారా! గంట మోగితే ఉదయగిరి మెట్టంతా నీళ్లే!" అని కుడి మైకు గర్జిస్తోంది.

"ఇంటింటికీ ఫోను! ఊరూరా కంప్యూటరు! గొడుగు నీడకు రండమ్మా!" అని ఎడమ మైకు పాటల నడుమ బతిమాలుతోంది. రెండూ కలిసి చెవుల్లో ఇసుక పోసినట్టుంది.

ఉదయగిరి బస్సు దిగిన ఒకాయన వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఎండలో కూడా మెడకు మఫ్లరు. ఏం కావాలని అడిగితే గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

"అయ్యో, మూగాయన" అనుకుని రాహేలమ్మ టీలో అల్లం, మిరియాలు దంచి వేసింది. ఆయన సంచిలోంచి గంట కండువా ఒకటి, గొడుగు కండువా ఒకటి తొంగిచూస్తున్నాయి.

"తెలివైనోడివే అన్నా! రెండు పక్కలా పుచ్చుకున్నావు. ఓటెవరికో నేనడగను, నువ్వు చెప్పలేవు" అంది.

ఆయన నవ్వి టీ ఊదుకున్నాడు.

గంట జీపు కుర్రాడు సురేంద్రబాబు బానెట్ మీదెక్కాడు. "ఇంటా ఉండార్రా మా గొంతు? ఖంగుమంటాది! నిజం చెప్పేవోడి గొంతు అట్టుంటాది!"

"అది గొంతా? పగిలిన కుండ!" అన్నాడు గొడుగు జీపు వెంకటసాయి. "మావోడిది ఇను, తేనె కారతాది. మీవోడు కూలికి అరిచే రకంరా!"

"మావోడు పార్టీ కోసం ప్రాణమిస్తాడు. మీవోడిస్తాడా?"

"మావోడు ఎప్పుడో ఇచ్చేసినాడు!"

బెంచీ మీదాయనకు టీ పొలమారింది.

వెంకటసాయి పోయి గంట జీపు వైరు పీకేశాడు. సురేంద్రబాబు ఒక్క దూకు దూకి గొడుగు జీపు వైరు తెంపేశాడు. బస్టాండంతా చప్పున సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దానికే రాహేలమ్మ ఎక్కువ భయపడింది. రెండు పక్కలా మగాళ్లు వంగారు. లేచేసరికి చేతుల్లో రాళ్లున్నాయి.

"ఒరే నాయనలారా, నడమ నా కొట్టుండాదిరా!" ఆమె చేతులు బారచాపి అడ్డం నిలబడింది. "పొయ్యి మీద పాలుండాయిరా!"

ఎవరూ వినలేదు. మైకులో రాని మాట వినడం జనం మానేసి చాలా కాలమైంది.

బెంచీ మీదాయన గ్లాసు కింద పెట్టాడు. మఫ్లరు విప్పాడు. గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు.

"అక్కలారా, అన్నలారా! రాళ్లు కింద పడేయండి! పొయ్యి మీద పాలుండాయి!"

అదే గొంతు! తమ జీపు మైకే మళ్లీ పలికిందనుకుని, రెండు గుంపులవాళ్లూ చేతుల్లో రాళ్లు జారవిడిచి, ఎవరి జీపు వైపు వాళ్లు తిరిగి చూశారు.