సెంటు కూడా ఇవ్వని జడ్జి

"ఆ జడ్జి మా కేసు వినడానికి వీల్లేదు," అంది వెర్నా, కోర్టు వరండాలోనే.

ఆమె లాయరు హోలిస్ గొంతు తగ్గించాడు. "నిదానించండి, వెర్నా గారూ. పికెన్స్ గారు మంచావిడ."

"మంచావిడైతే మిల్లు లాయరు క్రెన్‌షా దగ్గర డబ్బెందుకు తీసుకుంది? చర్చి హాల్లో ఆవిడ ఎన్నికల విందుకి చేపలు వడ్డించింది నేనే. ఆ క్రెన్‌షా నా కళ్లముందే చెక్కు రాసిచ్చాడు. దాచనైనా దాచలేదు."

"జడ్జీలు కూడా ఓట్లకి నిలబడాలి కదా. ఆ ఖర్చుకి లాయర్లమే చందాలిస్తాం. నేనూ ఇచ్చాను."

"ఆయనంత ఇచ్చారా?"

"అంత నా దగ్గరెక్కడిది?" అన్నాడు హోలిస్.

"మరింకేం. ఆవిడ వద్దని రాసివ్వండి."

"ఆవిడ కాదంటే కేసు ఇంకో జడ్జి, టాల్బట్ దగ్గరికి పోతుంది. ఆయన సంగతి మీకు..."

"క్రెన్‌షా దగ్గర ఆయన డబ్బు తీసుకున్నాడా?"

"లేదు."

"అయితే ఆయనే నయం."

పక్కన బెంచీ మీద ఆమె భర్త క్లైడ్ తల వంచుకు కూర్చున్నాడు. మిల్లు రంపం కుడిచేతిని తీసుకుపోయింది. ఖాళీ చొక్కాచేతిని జేబులో దోపుకున్నాడు. మిల్లు మీద వేసిన ఈ పరిహారం కేసు పోతే ఉన్న ఇల్లు బ్యాంకు పాలవుతుంది.

లోపల జడ్జి పికెన్స్ ఆ కాగితం చదివింది. క్లైడ్ లేవబోతుంటే, "కూర్చోండి, లేవక్కర్లేదు," అంది మెత్తగా. "ఎవరెంత ఇచ్చారో నేను చూడను. ఆ డబ్బు ఇవాళే వెనక్కి పంపిస్తాను. కానీ మీ మనసులో అనుమానం పడ్డాక నేను వినడం న్యాయం కాదు."

క్రెన్‌షా లేచి, చాలా బాధగా ఉందన్నాడు.

కేసు టాల్బట్‌కి మారింది. బయటికొచ్చాక వెర్నా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. హోలిస్ మాత్రం గోడకి చేరగిలబడ్డాడు.

"గెలిచాం కదా, ఆ మొహమేంటి?"

"నిరుడు పికెన్స్ గారు మిల్లు చేత ఇద్దరు కూలీలకి పరిహారం కట్టించారు, వెర్నా గారూ. టాల్బట్ ఇన్నేళ్లలో ఒక్కడికీ ఇప్పించలేదు."

అప్పుడే క్రెన్‌షా బయటికొచ్చాడు. క్లైడ్ కోసం తలుపు పట్టుకుని నిలబడ్డాడు కూడా. వెర్నా అతనికి అడ్డం వెళ్లింది.

"నిజం చెప్పండి. ఆ టాల్బట్‌కి చాటుగా ఎంత ముట్టజెప్పారు?"

"సెంటు కూడా ఇవ్వలేదమ్మా," అన్నాడు క్రెన్‌షా, టోపీ పెట్టుకుంటూ. "ఇస్తే మీరు ఆయన్నీ వద్దంటారుగా."